ఊరగాయల పులుపు కొలిచిన అమ్మాయి

చేతిలో కెమిస్ట్రీలో పీజీ పట్టా. చేస్తున్న పనేమో ఊరబెట్టిన దోసకాయల్లో పులుపు ఎంతుందో కొలవడం, జామ్ కోసం వచ్చిన స్ట్రాబెరీలకు బూజు పట్టిందేమో చూడటం, మయొనైజ్‌లోకి వెళ్లే గుడ్డుసొన రంగు సరిగా ఉందో లేదో తేల్చడం. రెండో ప్రపంచయుద్ధం నాటి న్యూయార్క్‌లో ఒక పెద్ద కిరాణా దుకాణాల సంస్థ ల్యాబ్‌లో ఓ పాతికేళ్ల అమ్మాయి ఏడాదిన్నర పాటు చేసిన ఉద్యోగం ఇది. ఈరోజు జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో క్యూసీ ల్యాబ్‌లో చేరి, ఇంతకోసమేనా ఎమ్మెస్సీ చదివింది అనుకుంటున్న వాళ్లకు ఆ అమ్మాయి మనసు బాగానే అర్థమవుతుంది.

ఆమె పేరు గెర్ట్రూడ్ ఎలియన్. తర్వాతి రోజుల్లో కిడ్నీ మార్పిడి సాధ్యమయ్యేలా చేసిన మందు ఆమె పనిచేసిన బల్ల మీదే తయారైంది. ఆ మార్పిడి చేయించుకున్నవాళ్ల మీద పడే వైరస్‌లలో కొన్నింటిని అదుపు చేసిన మందు కూడా ఆమె బృందానిదే. ఒక మందు తలుపు తీసింది, ఆ తలుపులోంచి శత్రువు కూడా లోపలికొచ్చాడు. ఆ శత్రువు కోసం మళ్లీ ఇంకో మందు. ఈ రెండింటికీ మధ్య సుమారు ఇరవై ఏళ్లు పట్టింది. అవయవ మార్పిడి రోగుల్లో వైరస్ ఇన్‌ఫెక్షన్లు, వాటి మందుల మార్కెట్ అనే విషయం ఇవాళ ఫార్మా ఇంటర్వ్యూల్లో వినిపిస్తోందంటే, దాని మూలం వెతుక్కుంటూ వెళితే ఆమె దగ్గరికే చేరతాం.

తాతయ్య పోయిన ఏడాది

ఎలియన్ 1918 జనవరి 23న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి లిథువేనియా నుంచి వలస వచ్చిన దంతవైద్యుడు. తల్లి పద్నాలుగేళ్ల వయసులో అమెరికా చేరుకున్న యూదు కుటుంబపు అమ్మాయి. ఇల్లు బాగానే గడిచేది. 1929లో స్టాక్‌మార్కెట్ కుప్పకూలినప్పుడు తండ్రి పెట్టుబడులన్నీ పోయాయి.

ఆమెకు పదిహేనేళ్లప్పుడు, ఎంతో దగ్గరగా ఉన్న తాతయ్య కడుపు క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ నొప్పిని దగ్గరుండి చూసిన అమ్మాయి సైన్సే చదవాలని అప్పుడే తేల్చుకుంది. అన్ని సబ్జెక్టులూ సమానంగా ఇష్టమైన పిల్ల కెమిస్ట్రీ వైపు తిరిగింది అలాగే. డబ్బులు లేవు కదా, మరి కాలేజీ? హంటర్ కాలేజీలో అమ్మాయిలకు ఫీజు లేదు, మార్కులుంటే చాలు. 1933లో చేరి, 1937లో పందొమ్మిదేళ్లకే అత్యున్నత శ్రేణిలో పట్టా అందుకున్నారు.

ఆ తర్వాతే అసలు కథ. పదిహేను విశ్వవిద్యాలయాలకు ఆర్థిక సాయం కోసం దరఖాస్తు చేస్తే ఒక్కచోట కూడా రాలేదు. అది మాంద్యం కాలం. ఉన్న కొద్దిపాటి ఉద్యోగాలు మగవాళ్లకే. ఒక ఇంటర్వ్యూలో అయితే ఆమె అర్హతల గురించి ఎవరికీ అభ్యంతరం లేదు, ఆడపిల్ల ల్యాబ్‌లో ఉంటే మగవాళ్ల దృష్టి చెదురుతుందని వెనక్కి పంపేశారు. సెక్రటరీ కోర్సులో చేరారు, ఆరు వారాలకు మానేశారు. నర్సింగ్ విద్యార్థినులకు మూడు నెలలు బయోకెమిస్ట్రీ చెప్పారు. ఒక విందులో పరిచయమైన కెమిస్ట్‌ను అడిగి, జీతం లేకపోయినా సరే అంటూ ఆయన ల్యాబ్‌లో చేరారు. ఏడాదిన్నర తర్వాత అక్కడ వారానికి 20 డాలర్లు వచ్చేవి. ఆ పొదుపుతో, అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ, న్యూయార్క్ యూనివర్సిటీలో పీజీలో చేరారు. కెమిస్ట్రీ పీజీ తరగతిలో అమ్మాయి ఆమె ఒక్కతే. పగలు బడిలో పాఠాలు, రాత్రుళ్లూ వారాంతాల్లో ల్యాబ్. 1941లో పట్టా వచ్చింది.

అదే ఏడాది, ఆమె పెళ్లాడాలనుకున్న యువకుడు గుండె కవాటాలకు సోకిన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయాడు. మరికొన్నేళ్లు ఆగితే పెన్సిలిన్ వచ్చి ఉండేది. ఎలియన్ మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు.

మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో ల్యాబుల్లో ఖాళీలు ఏర్పడ్డాయి. ఊరగాయల ఉద్యోగం అలా వచ్చిందే. నేర్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదనిపించాక ఆమె దాన్ని వదిలేశారు. చిన్న ఉద్యోగమని తిట్టుకుంటూ కూర్చోలేదు, అక్కడే ఉండిపోనూ లేదు. అక్కడున్నన్నాళ్లూ పరికరాలతో పని బాగా నేర్చుకున్నారు.

తండ్రి టేబుల్ మీది మాత్ర

1944లో వచ్చిన మలుపు విచిత్రంగా ఉంటుంది. దంతవైద్యుడైన తండ్రికి మందుల కంపెనీలు నొప్పిమాత్రల శాంపిళ్లు పంపేవి. ఆ సీసా మీద బరోస్ వెల్‌కమ్ అనే పేరు చూసి, వీళ్లకు ల్యాబ్ ఉందేమో కనుక్కోమని కూతురికి చెప్పారు. ఆమె ఫోన్ చేసి, న్యూయార్క్ శివార్లలోని టకాహో ఊళ్లో ఉన్న ల్యాబ్‌కు వెళ్లారు. జార్జ్ హిచింగ్స్ అనే శాస్త్రవేత్త తన ఆలోచన చెప్పి వెంటనే ఉద్యోగం ఇచ్చారు. జీతం వారానికి 50 డాలర్లు.

ఇక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. హిచింగ్స్ 1933లో హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసింది సైరస్ ఫిస్క్ ల్యాబ్‌లో. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్క్‌తో కలిసి కణాల శక్తి నాణెం లాంటి ఏటీపీని గుర్తించింది కూడా ఆ ల్యాబ్‌లోనే. ప్యూరిన్లు అనే రసాయనాల మీద హిచింగ్స్‌కు గురి కుదిరింది అక్కడే. తర్వాత సుబ్బారావు లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌కు పోటీ మందులు తయారుచేయించి చిన్నపిల్లల రక్త క్యాన్సర్ మీదికి పంపారు. హిచింగ్స్, ఎలియన్ ప్యూరిన్ల దారిలో అదే జబ్బు మీదికి వెళ్లారు.

ఆలోచన ఏమిటంటే, ఏ కణం రెండుగా చీలాలన్నా డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. అందుకు ముడిసరుకు కావాలి. ఆ సరుకులా కనిపించే నకిలీ సరుకును అందిస్తే కణం మోసపోయి దాన్నే వాడుకుంటుంది, పని ఆగిపోతుంది. డీఎన్‌ఏ నిర్మాణం ఇంకా తెలియని రోజుల్లో మొదలైన పని ఇది. అప్పట్లో కొత్త మందులంటే ఎక్కువగా తోచిందల్లా పరీక్షించి చూడటమే. హిచింగ్స్ బృందం మాత్రం కణం ఏం తింటుందో ముందు తెలుసుకుని, దాన్నిబట్టి మందును గీసుకుంది.

ఎలియన్ పగలు ల్యాబ్, రాత్రి బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో పీహెచ్‌డీ తరగతులు. రెండేళ్లు గడిచాక, ఉద్యోగం మానేసి పూర్తికాలం చదవాలని, లేకపోతే కుదరదని అక్కడి డీన్ తేల్చి చెప్పారు. ఆమె పీహెచ్‌డీనే వదులుకున్నారు. అది సరైన నిర్ణయమేనా అని చాలాకాలం బెంగపడ్డారు కూడా. ఈ విషయంలో ఆమెను చూసి ఎవరూ పీహెచ్‌డీ మానేయొద్దు. ఆ కంపెనీలో ఆమెకు దొరికిన స్వేచ్ఛ అందరికీ దొరికేది కాదు. పరిశోధన విభాగాల్లో ఇవాళ ఆ పట్టా లేకుండా పైకి వెళ్లడం కష్టం.

క్యాన్సర్ మందు దారి తప్పి..

1951 నాటికి ఎలియన్ తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ లుకేమియా పిల్లల మీద పనిచేసింది. అప్పటిదాకా ఆ పిల్లలు బతికేది కొన్ని నెలలే. మందు వాడితే జబ్బు వెనక్కి తగ్గేది, కొన్నాళ్లకు మళ్లీ తిరగబెట్టేది. ఆ ఎదురుదెబ్బ ఆమెను బాగా కుంగదీసింది. తర్వాత వేరే మందులతో కలిపి వాడటం మొదలయ్యాక ఎందరో పిల్లలు నిజంగానే కోలుకున్నారు. 1953లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది.

1950ల చివర్లో బోస్టన్‌లో రాబర్ట్ స్క్వార్ట్జ్, విలియం డామెషెక్ అనే వైద్యులు ఈ మందును కుందేళ్లకు ఇచ్చి చూశారు. పరాయి ప్రొటీన్‌ను శరీరంలోకి ఎక్కిస్తే రావాల్సిన ప్రతిస్పందన రాలేదు. అంటే మందు రోగనిరోధక శక్తిని జోకొడుతోంది. లండన్‌లో యువ సర్జన్ రాయ్ కాన్ దీన్ని చదివి, కుక్కల్లో కిడ్నీ మార్పిడికి వాడి చూశారు. తర్వాత బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే దగ్గర పనిచేయడానికి వెళుతూ దారిలో హిచింగ్స్, ఎలియన్‌లను కలిసి, అలాంటివే మరికొన్ని మందులు అడిగి తీసుకెళ్లారు. వాటిలో ఒకటి అజథయోప్రిన్.

అప్పటిదాకా కిడ్నీ మార్పిడి అంటే ప్రధానంగా ఒకే పోలిక కవలల మధ్య జరిగేది. ముర్రే 1954లో చేసి చూపించింది అలాంటిదే. పరాయి కిడ్నీ పెడితే శరీరం దాన్ని తిప్పికొట్టేస్తుంది. 1962లో అజథయోప్రిన్ వాడి, చనిపోయిన వ్యక్తి నుంచి తీసిన కిడ్నీని ముర్రే బృందం ఇంకొకరికి అమర్చింది. అది ఏడాదికి పైగా పనిచేసింది. స్టెరాయిడ్లతో కలిపి అజథయోప్రిన్ 1980ల్లో సైక్లోస్పోరిన్ వచ్చేదాకా ప్రపంచమంతటా కిడ్నీ మార్పిడికి ఆధారంగా నిలిచింది.

కానీ జోకొట్టిన కాపలాదారు ఒక్క కిడ్నీని మాత్రమే చూసీచూడనట్టు వదిలేయడు. అందరినీ వదిలేస్తాడు. మనలో చాలామంది ఒంట్లో చిన్నప్పుడు వచ్చిన వైరస్‌లు చావకుండా నక్కి ఉంటాయి. ఆటలమ్మ తెచ్చే వైరస్ నరాల్లో దాక్కుంటుంది, పెద్దయ్యాక సర్పిలా పైకి తేలుతుంది. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ కూడా అంతే. ఇదే కుటుంబానికి చెందిన సైటోమెగాలో వైరస్, అంటే సీఎంవీ, ఆరోగ్యవంతులకు ఏ ఇబ్బందీ పెట్టకుండా జీవితాంతం ఉండిపోతుంది. మార్పిడి రోగిలో ఇవన్నీ ఒక్కసారిగా నిద్రలేస్తాయి. కొన్నిసార్లు కొత్త కిడ్నీయే వైరస్‌ను వెంట తెస్తుంది. ఊపిరితిత్తులు, పేగులు, కాలేయం, ఆఖరికి అమర్చిన అవయవం కూడా దెబ్బతింటాయి. 1960ల మధ్యకొచ్చేసరికి మార్పిడి తర్వాత చనిపోయినవారి శవపరీక్షల్లో వైద్యులు సీఎంవీని చూడసాగారు. చేతిలో మందు లేదు. వైరస్ మన కణం లోపల, మన యంత్రాలతోనే బతుకుతుంది కాబట్టి, దాన్ని చంపే మందు కణాన్నీ చంపుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు.

దొంగ చేతే సంకెళ్లు

1967లో ఎలియన్ విభాగాధిపతి అయ్యారు. మరుసటి ఏడాది పాత ఫైళ్లలోంచి వైరస్‌ల పని మళ్లీ బయటికి తీశారు. ఎప్పుడో 1940ల చివర్లో ఒక ప్యూరిన్ మందు వైరస్‌లను కాస్త అడ్డుకోవడం ఆమె చూసి ఉన్నారు. కణాలకు హాని చేస్తుందని పక్కన పెట్టేశారు. ఇప్పుడు దాని అణువులో మార్పులు చేసి, పరీక్షల కోసం ఇంగ్లండ్‌లోని కంపెనీ ల్యాబ్‌లో జాన్ బాయర్‌కు పంపారు. 1970లో కంపెనీ నార్త్ కరోలినాకు మారింది, హోవర్డ్ షేఫర్ అనే కెమిస్ట్ బృందంలోకి వచ్చారు. వీళ్లందరి పని కలిసి అసైక్లోవిర్ అయింది.

ఈ మందు చేసే పని వింటే ముచ్చటేస్తుంది. అసైక్లోవిర్ ఒంట్లోకి వెళ్లినప్పుడు ఉత్త మొద్దు సరుకే. దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తేనే పదునెక్కుతుంది. ఆ పని బాగా చేయగలిగే థైమిడిన్ కైనేజ్ ఎంజైమ్ హెర్పిస్ వైరస్ దగ్గర ఉంది, మన మామూలు కణాల ఎంజైమ్‌లకు అది దాదాపు చేతకాదు. కాబట్టి వైరస్ ఉన్న కణంలోనే మందు మేల్కొంటుంది, వైరస్ డీఎన్‌ఏ గొలుసును మధ్యలోనే తెంపుతుంది. దొంగ తన సంకెళ్లు తానే బిగించుకున్నట్టు. అందుకే పక్క కణాలకు పెద్దగా దెబ్బ తగలదు.

వివరాలు బయటి ప్రపంచానికి 1970ల చివర్లో తెలిశాయి. 1981లో ఎముక మజ్జ మార్పిడి రోగులపై జరిగిన ఒక చిన్న అధ్యయనాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. ఇరవై మందిలో పదిమందికి ముందుజాగ్రత్తగా అసైక్లోవిర్ ఇచ్చారు, పదిమందికి ఉత్తుత్తి మందు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఏడుగురికి హెర్పిస్ వచ్చింది. అసైక్లోవిర్ తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు. జబ్బు వచ్చాక కాదు, రాకముందే మందు ఇవ్వాలనే పద్ధతి మార్పిడి వార్డుల్లో అలా వేళ్లూనుకుంది. జొవిరాక్స్ పేరుతో వచ్చిన ఈ మందు 1990ల్లో ఏడాదికి వంద కోట్ల డాలర్లకు మించి అమ్ముడైంది. మార్పిడి రోగులు కొద్దిమందే, పెదవి పొక్కులు, సర్పి వచ్చేవాళ్లు కోట్లమంది. ఆ అమ్మకాలకు అసలు కారణం అది.

ఫార్మ్-డీ చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి. గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్ కూడా ఈ బృందానిదే, 1966లో మార్కెట్‌లోకి వచ్చింది. కిడ్నీ మార్పిడి రోగులకు గౌట్ మామూలే. అజథయోప్రిన్ వాడుతున్న రోగికి చూసుకోకుండా అల్లోప్యూరినాల్ రాస్తే, మొదటి మందు ఒంట్లోంచి సరిగా పోక ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. డోసు మూడోవంతుకో నాలుగోవంతుకో తగ్గించాలి, లేదా కలిపి ఇవ్వకూడదు. ఒకే బల్ల మీద పుట్టిన రెండు మందులు ఒకదానికొకటి పడవు.

ఎలియన్ 1983లో రిటైరయ్యారు. ఎయిడ్స్‌పై మొదటి మందు ఏజెడ్‌టీని 1987లో తెచ్చింది ఆమె తీర్చిదిద్దిన మనుషులే. ఏడాదికి సుమారు 10 వేల డాలర్ల ధర పెట్టారని ఆ కంపెనీ మీద రోగులు వీధుల్లోకొచ్చి పోరాడారు, ధర తగ్గించాల్సి వచ్చింది. 1988లో హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిపి ఆమెకు నోబెల్ ప్రకటించారు. పొద్దున్నే ముఖం కడుక్కుంటుండగా విలేకరి ఫోన్ చేసి చెప్పేదాకా ఆమెకు తెలియదు. పీహెచ్‌డీ లేకుండా నోబెల్ అందుకున్న అతికొద్దిమందిలో ఆమె ఒకరు. చివరి ఏళ్లలో డ్యూక్ యూనివర్సిటీలో మెడికల్ విద్యార్థులకు పరిశోధన నేర్పుతూ, న్యూయార్క్ దాకా వెళ్లి ఒపెరా చూస్తూ గడిపారు. పేరు మీద 45 పేటెంట్లు. 1999 ఫిబ్రవరి 21న, 81 ఏళ్ల వయసులో చనిపోయారు.

లొంగని వైరస్, పెరిగిన మార్కెట్

అసైక్లోవిర్‌కు ఒక వైరస్ సరిగా లొంగలేదు. సీఎంవీకి థైమిడిన్ కైనేజ్ లేదు. అసైక్లోవిర్‌కు దగ్గరి చుట్టమైన గాన్‌సైక్లోవిర్ ఆ లోటు తీర్చింది. సీఎంవీ దగ్గరున్న యూఎల్97 అనే మరో ఎంజైమ్ దీనికి పదును పెడుతుంది. 1989లో అనుమతి వచ్చినా, ఇంజెక్షన్‌గా ఎక్కించాలి, తెల్లరక్తకణాలు పడిపోతాయి. 2001లో మాత్రగా వాల్‌గాన్‌సైక్లోవిర్ వచ్చాక మార్పిడి రోగులు ఇంటికెళ్లి నెలల తరబడి వాడుకునే వీలు కలిగింది. అసలు చిక్కు ధర.

ఇండియాలో దాని పేటెంట్ మీద గట్టి పోరే జరిగింది. 2007లో చెన్నై పేటెంట్ కార్యాలయం ఇచ్చిన పేటెంట్‌ను రోగుల సంఘాలు, మన కంపెనీలు సవాలు చేశాయి. 2010లో అది రద్దయింది. అమెరికాలో 2014 నవంబరులో జెనెరిక్ వాల్‌గాన్‌సైక్లోవిర్‌కు అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. కొత్త మందు కనిపెట్టడం ఒక ఉద్యోగం అయితే, దాని పేటెంట్ చదివి, మరో దారిలో అదే అణువును తయారుచేసి, ఫైలు కట్టి అనుమతి తేవడం ఇంకో ఉద్యోగం. హైదరాబాద్‌లో రెండో రకమే ఎక్కువ. ప్రాసెస్ కెమిస్ట్రీ, రెగ్యులేటరీ అఫైర్స్, పేటెంట్ విశ్లేషణ విభాగాల్లో బీఫార్మసీ, ఎమ్మెస్సీ వాళ్లను తీసుకునేది ఇందుకే.

వార్డుల వైపు పని వేరు. వైరస్ రక్తంలో ఎంతుందో పీసీఆర్‌తో వారం వారం లెక్కపెడితేనే మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. మైక్రోబయాలజీ, బయోటెక్ వాళ్లకు అక్కడ చోటుంది. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం కింద మరణించినవారి అవయవాలు అవసరమైనవారికి చేరుతున్నాయి. 2011 చట్ట సవరణ తర్వాత మార్పిడి చేసే ఆసుపత్రిలో కోఆర్డినేటర్ ఉండటం తప్పనిసరైంది. ఎన్ని మార్పిడులు పెరిగితే ఇన్‌ఫెక్షన్ మందుల అవసరం అంత పెరుగుతుంది. మార్కెట్ అంచనాల వెనకున్న లెక్క అంతకంటే పెద్దదేమీ కాదు. అయితే రోగుల సంఖ్య తక్కువ కాబట్టి కొత్త మందుల ధరలు చుక్కల్లో ఉంటాయి. జెనెరిక్ వచ్చేదాకా మామూలు కుటుంబాలకు అవి అందవు.

2017లో లెటర్మొవిర్ అనే మందు సీఎంవీ రాకుండా ముందే అడ్డుకోవడానికి అనుమతి పొందింది. మొదట మూలకణాల మార్పిడి రోగులకు, 2023లో ముప్పు ఎక్కువున్న కిడ్నీ రోగులకు. ఇది తెల్లరక్తకణాలను గాన్‌సైక్లోవిర్‌లా పడగొట్టదు. ఇంకో మందు మారిబవిర్‌ది మాత్రం పెద్ద కథ. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఎలియన్ పాత కంపెనీవాళ్లే దానికి 1990ల్లో ఊపిరి పోశారు. 1995లో గ్లాక్సో వెల్‌కమ్‌ను కొనేసింది. మారిబవిర్ ఆ తర్వాత ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేతులు మారుతూ పోయింది. 2009లో పెద్ద ట్రయల్‌లో విఫలమైంది. అక్కడితో దాని పని అయిపోయిందనే అనుకున్నారు. డోసు పెంచి, మిగతా మందులకు లొంగని రోగుల మీద మళ్లీ ప్రయత్నిస్తే పనిచేసింది. 2021 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, అప్పటికి అది టకేడా కంపెనీ చేతిలో ఉంది.

క్లినికల్ ఫార్మకాలజీ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లను మారిబవిర్, గాన్‌సైక్లోవిర్ కలిపి ఎందుకు ఇవ్వకూడదని అడగొచ్చు. మారిబవిర్ అడ్డుకునేది యూఎల్97 ఎంజైమ్‌నే. గాన్‌సైక్లోవిర్‌కు పదును పెట్టాల్సింది కూడా అదే ఎంజైమ్. దాన్ని ఆపేస్తే రెండో మందు మొద్దుగానే ఉండిపోతుంది.